తట్టి చూడని పొట్ట

వాము వాసన

ఇప్పటికీ ఎవరింట్లోనైనా వాము వేయిస్తున్న వాసన వస్తే నేను ఉన్నచోట ఉండను. మనిషిని ఈ కుర్చీలోనే ఉంటాను గానీ, కళ్ళ ముందు ఒక పెంకుటింటి అరుగు, గోడకి నీలం రంగు రేకు బోర్డు, ఎదురుగా కోత కోసేసిన వరిమళ్ళు, వాటి మీద మోకాలెత్తు మంచు, మంచు అవతల రామతీర్థం కొండ. నా మనవరాలు వచ్చి "అమ్మమ్మా, మళ్ళీ ఎక్కడికెళ్ళిపోయావ్?" అని భుజం కదిపేదాకా తిరిగి రాను.

ఆ మనవరాలు ఈ ఏడే నర్సు ట్రైనింగులో చేరింది. "నీ సర్వీసు గురించి రాసిపెట్టు, మా క్లాసులో అందరం చదువుకుంటాం" అంది. బదిలీలు, ఇంక్రిమెంట్లు, పై ఆఫీసుకి పంపిన కాగితాలు రాస్తే మీకూ నిద్రొస్తుంది, రాసే నాకూ వస్తుంది. అవన్నీ వదిలేస్తున్నాను. నేను చేసిన ఒక తప్పు గురించి, ఆ తప్పును ఒక మనిషి ఎలా మోసిందో దాని గురించి రాస్తాను. ఉద్యోగం నేర్పింది అదే.

నా పేరు సుగుణమ్మ. మాది బాప్టిస్టు చర్చి కుటుంబం, నాన్న చర్చి బడిలో పంతులు. అరవైల చివర, ఇరవై మూడేళ్ళ వయసులో, నెల్లిమర్లకీ రామతీర్థానికీ మధ్య ఒక ఊళ్ళో నన్ను ప్రసవాలు చూసే నర్సుగా వేశారు. ఒక పెంకుటిల్లే నా ఆసుపత్రీ, నా బసా. ఊరి పేరు చెప్పను. నేను చెప్పబోయే ఇంటి తాలూకు మనుషులు ఇంకా అక్కడ ఉన్నారు.

పురుళ్ళు పోస్తానని వెళ్ళానా, తీరా చూస్తే అరుగెక్కినవాళ్ళలో సగానికి పైగా కడుపుబ్బరం వాళ్ళే. "నర్సమ్మా, పొట్ట కుండలాగయిపోనాది" అనేవాళ్ళు కొందరు. "తేపులు తెగట్లేదమ్మా" అని కొందరు. ఒక ముసలావిడ అయితే సిగ్గూ ఎగ్గూ లేకుండా, "పైనుంచి పోదు, కిందనుంచి పోదు, మద్దిని నానే పోయేలాగున్నాను" అంది. నేను నవ్వేశాను. ఆవిడ నవ్వలేదు.

ట్రైనింగులో దీని గురించి ఒక్క పూట కూడా చెప్పలేదు మాకు. చెబితే పిల్లలు నవ్వుతారని కాబోలు. అమ్మాయిలూ, మీరు నవ్వకండి. ఆ గాలి వల్ల నిద్ర లేక, నలుగురిలో కూర్చోలేక, ఎవరికీ చెప్పుకోలేక ఏడ్చిన ఆడవాళ్ళని చూశాను నేను.

పెద్ద డాక్టరుగారి మూడు ప్రశ్నలు

ప్రతి గురువారం జీపులో పెద్ద డాక్టరుగారు వచ్చేవారు. కోపిష్టి. కరక్కాయ ముక్క బుగ్గన పెట్టుకుని, ఆ చేదంతా మాటల్లో కక్కేవారు. కానీ ఆయన వేళ్ళు మాత్రం వేరే మనిషివి. ఎడమచేతి మధ్యవేలు పొట్ట మీద పరిచి, దాని మీద కుడిచేతి వేలితో టక్కుమని తట్టేవారు. తట్టేటప్పుడు కళ్ళు మూసుకునేవారు.

"గాలి ఉంటే ఖాళీ డబ్బా మోత. నీరైనా, గడ్డయినా, బిడ్డయినా బియ్యం బస్తా మోత. ఇంతే. నీ చెవి ఎంత మంచిదో నీ వైద్యం అంత మంచిది" అన్నారు మొదటి వారమే. అని ఊరుకోలేదు. నా బియ్యం బస్తా ఒక పక్క, ఖాళీ పాలపొడి డబ్బా ఒక పక్క పెట్టించి, కళ్ళు మూసుకుని తట్టమన్నారు. వారమంతా తట్టాను. పొరుగింటి వాళ్ళు నర్సమ్మకి మతి తప్పిందనుకున్నారు.

ఆయన మందు రాసేముందు మూడు ప్రశ్నలు అడిగేవారు. ఏం తిన్నావు? ఎలా తిన్నావు? తిననప్పుడు నోట్లో ఏముంటుంది?

మొదటిదానికి జవాబులు కాలాన్ని బట్టి వచ్చేవి. ఎండాకాలం పనస పిక్కలు, చలికాలం తాటి తేగలు, ఉలవ గుగ్గిళ్ళు. నానబెట్టకుండా ఉడికించిన ఉలవలు తిని "వాతం చేసింది" అని వచ్చేవాళ్ళు. కొందరికి పాలు పడవు, ఆ సంగతి నలభై ఏళ్ళు వచ్చినా వాళ్ళకి తెలియదు. రెండోదానికి జవాబు నేనే కళ్ళారా చూసేదాన్ని. నెల్లిమర్ల జనపనార మిల్లు కూత వినపడేలోగా పనిలోకి పోవాలని చల్దన్నం నమలకుండా మింగేవాళ్ళు. అన్నంతో పాటు అంత గాలీ లోపలికి పోతుంది. తిన్నవెంటనే చాప మీద వాలిపోయేవాళ్ళూ ఉన్నారు. మూడోరోజు దాకా దొడ్డికి వెళ్ళనివాళ్ళు మరీ అధ్వాన్నం.

ఊరి బడి మాస్టారు ఒకాయన రోజూ సాయంత్రం గోలీసోడా తాగి పెద్దగా తేన్చి, "హమ్మయ్య, గేసు పోయింది" అనేవారు. డాక్టరుగారు ఒకసారి విని, "మాస్టారూ, ఆ తేన్పు సోడాది. మీది ఇంకా లోపలే ఉంది" అన్నారు. మాస్టారు నెల రోజులు మాట్లాడలేదు. అయితే సోడా మానేశారు.

మూడో ప్రశ్న నాకు అప్పట్లో చాదస్తంలా తోచేది. తిననప్పుడు నోట్లో ఏముంటుంది, నాలుక ఉంటుంది! అనుకునేదాన్ని.

మందులంటారా, మా దగ్గర సీసాల్లో ఉన్నదాని కంటే వాళ్ళ వంటింట్లో ఉన్నదే ఎక్కువ పనిచేసేది. చెంచాడు వాము మూకుట్లో కమ్మని వాసన వచ్చేదాకా వేయించి, చిదిపి, రెండు గ్లాసుల నీళ్ళు ఒక గ్లాసయ్యేదాకా మరిగించి, చిటికెడు ఉప్పు వేసి గోరువెచ్చగా గుక్క గుక్కగా తాగించేదాన్ని. వాము పడనివాళ్ళకి జీలకర్ర. పల్చటి మజ్జిగలో అల్లం, కరివేపాకు, ఇంగువ. అన్నం తిన్నాక శొంఠి, బెల్లం కలిపి నూరిన చిన్న ఉండ. ఉలవలైనా, బొబ్బర్లైనా ముందురోజే నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, వేలితో నొక్కితే చిదిగేదాకా ఉడకబెట్టుకోమనేదాన్ని. తిన్నాక వీధి చివరిదాకా నడిచి రమ్మనేదాన్ని. అప్పటికీ తగ్గకపోతే తలుపేసుకుని వెల్లకిలా పడుకుని మోకాళ్ళు రెండూ పొట్టకి హత్తుకోమనేదాన్ని. తలుపేసుకోవడం ముఖ్యం. ఎందుకో మీకే తెలుస్తుంది.

అన్నీ నేర్చుకున్నాను. నేర్చుకున్నది మరచిపోవడానికి ఒక్క సాయంత్రం చాలింది.

సేపపిల్ల

పైడమ్మది తిండికి లోటులేని ఇల్లు. కాస్త వరి, మెట్ట మీద చోళ్ళు, అంటే రాగులు, ఇంకా ఉలవలు. ఆవిడకి ముప్పై ఎనిమిదేళ్ళు. కాపరానికి వచ్చి ఇరవై ఏళ్ళయినా పిల్లల్లేరు. భర్త సన్యాసినాయుడు, నోట్లో మాట లేని మనిషి. ఆ ఇంట్లో మాటలన్నీ అత్త అప్పయ్యమ్మవే. ఆ ఏడు కోతలు కాగానే కొడుక్కి రెండో పెళ్ళి చెయ్యాలని ఆవిడ నిశ్చయించుకుంది. పిల్లని కూడా చూసేసింది. తన కూతురి కూతురే, మంగ, ఇరవై ఏళ్ళది. మొదటి భార్య ఉండగా రెండో పెళ్ళిని అప్పటికే చట్టం ఒప్పుకోదు. కానీ చట్టాన్ని ఎవరు అడిగారు?

ఒక సాయంత్రం, పొలాల మీద పొగమంచు అప్పుడప్పుడే దిగుతుండగా పైడమ్మ వచ్చింది. ఒక్కర్తే వచ్చింది. అరుగు మీద కూర్చోకుండా లోపలికి వచ్చి తలుపు దగ్గరగా వేసింది.

"నర్సమ్మా, నెల తప్పి నాలుగు నెల్లయినాది. ఎవులికీ సెప్పనేదు. బయమేసింది."

"భయమెందుకు?"

"సెప్తే పోతాదేటో అని. కదులుతన్నాది నర్సమ్మా. సేపపిల్లలాగ. ఇదిగో, ఇక్కడ. ఓలమ్మ, ఇటొచ్చీసింది సూడు!"

చీర మీదనుంచే చెయ్యి పెట్టాను. పొట్ట ఎత్తుగా, బిర్రుగా ఉంది. నిజమే, ఏదో చిన్నది అరచేతి కింద జారిపోయింది. తల ఎత్తి ఆవిడ ముఖం చూశాను. ఆ ముఖంలో అంత ఆశ ఉంటే, "పడుకో, తట్టి చూస్తాను" అనే మాట నాకు రాలేదు. అమ్మాయిలూ, ఆ రోజు నేను చూసింది ముఖాన్ని. పొట్టను కాదు.

"సంతోషం పైడమ్మా. కడుపే" అన్నాను.

ఆ ఒక్క మాటతో మంగ పెళ్ళి మాట ఆగిపోయింది. అప్పయ్యమ్మే కూతురింటికి మనిషిచేత కబురు పంపింది, "ఇప్పుడొద్దు, నా కోడలు నీల్లోసుకున్నాది" అని. సన్యాసినాయుడు నాకు ఒక తేగల కట్ట తెచ్చి అరుగు మీద పెట్టి, మాట్లాడకుండా వెళ్ళిపోయాడు.

ఆ చలికాలమంతా నాకు ఒక కలలాగే గుర్తుంది. వారానికోసారి మంచులోంచి పైడమ్మ వచ్చేది. ముందు మెడలో పసుపుతాడు మెరుపు కనిపించేది, తరవాత మనిషి. వచ్చి కూర్చుని తనకొచ్చే కల చెప్పేది. రోజూ ఒకే కల, ఒక గుంటది, అంటే ఆడపిల్లది.

"సోడి సేలో సిన్న గుంట నడిసిపోతన్నాది నర్సమ్మా. కాళ్ళకి పసుపు. ముకం కనపడదు. ఎనక్కి సూడవే, మీ యమ్మనే నానూ అంటాను. సూడదు."

మరో వారం, "నిన్న ఎనక్కి తిరగబోయినాది. ఇంతలోకి కోడి కూసీసింది" అని ఆ కోడిని తిట్టింది.

నేను నవ్వుతూ వినేదాన్ని. మధ్యాహ్నం కునుకు పడితే నాకూ ఆ పిల్లే కనిపించడం మొదలుపెట్టింది. చోడి చేలో మంచు, పసుపు కాళ్ళు. మిల్లు కూత విని ఉలిక్కిపడి లేచేదాన్ని. లేచాక కూడా కాసేపు ఆ పిల్లకి ఏం పేరు పెడతారా అని ఆలోచిస్తూ కూర్చునేదాన్ని. చెబితే నమ్మరు, ఆ పిల్ల మీద నాకు ప్రేమ పుట్టింది.

అందుకే కళ్ళెదుట ఉన్నవేవీ చూడలేదు. నెలలు గడిచినా పైడమ్మ బరువు పెరగలేదు. ఒకరోజు పొద్దున్నే వస్తే పొట్ట బల్లపరుపుగా ఉంది. "రేత్రి పడుకుంటే లోపలికి ఒదిగిపోతాది, పొద్దుగూకేసరికి లేస్తాది" అని ఆవిడ చెబితే, నర్సుని, నేను తలూపాను! బిడ్డ గుండె వినే చెక్క గొట్టం పెట్టి విన్నాను. గుడగుడమని బోదెలో నీళ్ళు పారినట్టు ఉంది గానీ గుండె లేదు. బిడ్డ వెనక్కి తిరిగి ఉందేమో అనుకున్నాను.

మూడో ప్రశ్న

అన్నాళ్ళూ పెద్ద డాక్టరుగారు ఒంట్లో బాగాలేక సెలవులో ఉన్నారు. తిరిగి వచ్చిన మొదటి గురువారమే పైడమ్మని పడుకోబెట్టి, కళ్ళు మూసుకుని తట్టారు. నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. ఆయన కళ్ళు తెరవకముందే నాకు తెలిసిపోయింది. ఖాళీ డబ్బా మోత. బొడ్డు పైనా అదే, కిందా అదే.

ఆయన కళ్ళు తెరిచి, "ఏం తిన్నావమ్మా?" అన్నారు. చెప్పింది. "ఎలా తింటావు?" చెప్పింది. "తిననప్పుడు నోట్లో ఏముంటుంది?"

పైడమ్మ తల దించుకుని కొంగు ముడి విప్పింది. నాలుగైదు చుట్టలు.

మా వైపు ఆడవాళ్ళ చుట్ట సంగతి తెలియనివాళ్ళకి చెబుతాను. దాన్ని అడ్డచుట్ట అంటారు. నిప్పున్న కొస నోట్లోపల పెట్టుకుని పెదవులు మూసేస్తారు. చేలో గాలికి ఆరిపోదు, రెండు చేతులూ పనికి ఖాళీగా ఉంటాయి, మగవాళ్ళకి కనపడదు. పైడమ్మకి కాపరానికి వచ్చిన కొత్తలో అత్తే నేర్పింది. రెండో పెళ్ళి మాట పుట్టినప్పటినుంచి ఒకటి ఆరకముందే ఇంకొకటి.

నన్ను బయటికి పిలిచి డాక్టరుగారు నెమ్మదిగా అన్నారు. ఆయన నెమ్మదిగా మాట్లాడటం అదే మొదటిసారి వినడం. "నెల రావడం ఆగిపోయే వయసు కొందరికి తొందరగా వస్తుంది. ఆవిడకి వచ్చేసినట్టుంది. ఇక ఆ చుట్ట. నోరు మూసుకుని తాగితే పొగ, ఉమ్మి, గాలి అన్నీ గుటకలు గుటకలుగా మింగడమే. సాయంత్రానికి పొట్ట ఉబ్బక ఏమవుతుంది? అంగిట్లో తెల్లమచ్చలు కూడా పడ్డాయి, అది ఇంకా చెడ్డది. ఆవిడ నోట్లోకి ఎప్పుడైనా చూశావా?"

చూడలేదు. మా ఇంట్లో పొగ పాపం. చుట్ట వాసన వస్తే నేను ముఖం పక్కకి తిప్పుకుని మాట్లాడేదాన్ని. అన్ని వారాలు నా ఎదురుగా కూర్చున్న మనిషి నోరు నేను చూడలేదు. భక్తి అనుకున్నాను దాన్ని. ఉత్త పొగరు.

"కడుపు అని చెప్పింది నువ్వు. కాదని చెప్పాల్సిందీ నువ్వే. నేను చెప్పను" అని ఆయన జీపెక్కేశారు.

రెండో తప్పు

మొదటి తప్పు తెలియక చేశాను. రెండోది తెలిసి చేశాను. నిజం చెప్పలేదు.

"బిడ్డ కోసం చుట్ట మానెయ్యాలి పైడమ్మా. ఉలవగుగ్గిళ్ళు మానెయ్యి. రెండు పూటలా వాము నీళ్ళు తాగు" అన్నాను. నెమ్మదిగా పొట్ట తగ్గుతుంది, నెమ్మదిగా ఆవిడే తెలుసుకుంటుంది, నేను నోరు విప్పక్కర్లేదు అని నా పిరికి లెక్క.

"పాపకి పొగ తగులుతాదేటి?"

"తగులుతుంది."

చుట్టలన్నీ తీసి నా చేతిలో పెట్టేసింది. ఇరవై ఏళ్ళ అలవాటు. మళ్ళీ ముట్టుకోలేదు. తలనొప్పి వచ్చి గోడకి తల కొట్టుకుందట గానీ ముట్టుకోలేదు.

పది పన్నెండు రోజులకి సాయంత్రం వేళ కూడా పొట్ట తగ్గిపోయింది. ఒకరోజు మిల్లు మధ్యాహ్నం కూత కూసింది, ఆ వెనకే వీధిలోంచి అప్పయ్యమ్మ కేకలు. వెనక పది మంది ఆడవాళ్ళు, మధ్యలో పైడమ్మ.

"ఒసే నర్సమ్మా! ఏటి పోసినావే నా కోడలికి? కడుపుతో ఉన్నదానికి వాము నీల్లు రెండు పూటలా పోత్తావేటి? వాము వేడి కాదేటి? నీ గోడ మీద ఎర్ర ముక్కోనం బొమ్మేసుకుని, పిల్లలొద్దు పిల్లలొద్దని ఊరంతా తిరుగుతావు. నా మనవడిని కరిగించీసినావు!"

 ఎర్ర ముక్కోణం కుటుంబ నియంత్రణ గుర్తు. ఆ ప్రచారం కొత్త ఆ రోజుల్లో. నర్సులు మాయచేసి కడుపులు తీసేస్తారని ముందే అనుమానం ఉండేది. ఆ గుంపులోనే సత్తెమ్మ ఉంది, నెలలు నిండిన మనిషి, తొలిచూలు. వాళ్ళత్త ఆవిడ రెక్క పట్టుకుని, "పదవే ఇంటికి. ఈ అరుగెక్కితే కాళ్ళిరగ్గొడతాను" అంటోంది. వెనకటేడు ఆ వీధిలోనే ఒక పురుట్లో తల్లీ బిడ్డా ఇద్దరూ పోయారు. నన్ను పిలవలేదు. ఇకమీదట ఎవరూ పిలవరని అర్థమైంది.

పైడమ్మ మాత్రం లోపలికి వచ్చి తలుపేసింది, మొదటి రోజు వేసినట్టే.

"నా బిడ్డేటయినాది?"

 ఆవిడ వేలు పట్టుకుని ముందు బియ్యం బస్తా మీద తట్టించాను. తరవాత పాలపొడి డబ్బా మీద. తరవాత మంచం మీద పడుకోబెట్టి, ఆవిడ పొట్ట మీద ఆవిడ వేలితోనే తట్టించాను. గాలి తగ్గినా ఆ మోత తెలుస్తూనే ఉంది. ఆవిడ ఆగి, తనంతట తాను ఇంకోసారి తట్టుకుంది. లేచి వెళ్ళి బస్తా మీద తట్టి వచ్చింది. మళ్ళీ పడుకుని తట్టుకుంది.

"ఎప్పుడైనా ఉన్నాదా నర్సమ్మా?"

"లేదు. ఎప్పుడూ లేదు. తట్టి చూడకుండా చెప్పాను. తెలిశాక కూడా దాచాను. నాదే తప్పు."

"మరి నా కల్లో గుంట?"

నేను ఏడ్చేశాను. ఆవిడ ఏడవలేదు. పైకప్పు కేసి చూస్తూ పడుకుంది. పెంకుల సందులోంచి ఎండ సన్నగా పడుతోంది, అందులో దుమ్ము తేలుతోంది. 

అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. ఇప్పటికీ అది మంచిదో చెడ్డదో తేల్చుకోలేకపోతున్నాను. "పైడమ్మా, బయట వాళ్ళు నేను పోగొట్టాననుకుంటున్నారు. అలాగే అనుకోనీ. ఒకసారి కడుపు నిలిచినదాని మీదకి సవతిని తేరు. నింద నా మీద ఉండనీ. నేను బదిలీ చేయించుకుని పోతాను."

ఆవిడ లేచి కూర్చుంది. కిటికీలోంచి బయటికి చూసింది. సత్తెమ్మ వాళ్ళత్త చేతిలోంచి రెక్క విడిపించుకుని, గోడకి ఆనుకుని ఆయాసపడుతోంది.

"నువ్వెలిపోతే ఆ గుంటకి పురుడెవులు పోత్తారు?"



పైడమ్మ జుట్టు ముడివేసుకుని, కొంగు సర్దుకుని తలుపు తీసింది.

"అత్తా, కేకలెయ్యకు. బిడ్డా నేదు, ఏటీ నేదు. గాలి. సుట్ట తాగి తాగి మింగిన గాలి. నర్సమ్మ ముందు తప్పు సెప్పినాది, ఇప్పుడు నిజం సెప్పినాది. వాము నీల్లు మంచివే, నా పొట్ట తేలికపడింది. సత్తెమ్మా, నువ్వు లోపలికెల్లి పడుకో. నర్సమ్మ సూస్తాది."

నేనూ బయటికి వచ్చి, అందరి ముందూ అదే మాట చెప్పాను, తట్టి చూడలేదని.  అప్పయ్యమ్మ చేతిలో చుట్ట ఆరిపోయింది. ఆవిడ దాన్ని అలాగే పట్టుకుని, కోడలిని చూస్తూ ఉండిపోయింది.

"అయితే పెల్లి పెట్టించీయమంటావేటే?" అంది చివరికి, గొంతు తగ్గించి.

"నీ ఇట్టం" అంది పైడమ్మ.

గాలి అని తేల్చేముందు

నాలుగు రోజులకి సత్తెమ్మకి నేనే పురుడు పోశాను. కష్టమైన పురుడే, అయినా ఇద్దరూ దక్కారు.

వేసవిలో మంగ పెళ్ళి జరిగింది. నేను వెళ్ళలేదు. ఆ రోజు తలుపేసుకుని కూర్చుని మేళం వింటూ పళ్ళు కొరుక్కున్నాను. సన్యాసినాయుడి మీద నాకు ఇప్పటికీ కోపమే. నోట్లో మాటలేని మంచివాడని ఊరంతా అనేది. నోరు తెరవాల్సిన రోజున తెరవనివాడు ఏం మంచివాడు?

పైడమ్మకి ఆ కల మళ్ళీ రాలేదట. నాకు మాత్రం అప్పుడప్పుడు వచ్చేది, చెప్పలేదు. ఆవిడ చుట్ట జోలికి పోలేదు. మధ్యాహ్నాలు నా అరుగు మీద కూర్చుని వాము వేయించి పెట్టేది. ఉబ్బరమని ఎవరొచ్చినా నాకంటే ముందు తనే అడిగేది, "తిననప్పుడు నోట్లో ఏటుంటాది?" అని. చాలామంది కొంగు ముళ్ళు విప్పేవారు. కిళ్ళీలు, పొగాకు, చుట్టలు. వాటిలో కొన్నింటిని ఆవిడ లాక్కుని పెరట్లో పారేసేది.

అమ్మాయిలూ, ఒక్కమాట. గాలిని బిడ్డ అన్నాను నేను. దీనికి తిరగేసిన తప్పు ఇంకా ప్రమాదం. గుండె బరువెక్కి, చెమటలు పట్టి, నొప్పి దవడకో చేతికో పాకితే అది గేసు కాదు. పొట్ట రాయిలా బిగిసి, వాంతులై, గాలీ దొడ్డీ రెండూ ఆగిపోతే గేసు కాదు. మనిషి చిక్కిపోతుంటే, రక్తం పడుతుంటే, జ్వరం ఉంటే గేసు కాదు. అప్పుడు వాము డబ్బా మూత తియ్యకండి. ఏ బండి దొరికితే ఆ బండెక్కించి పెద్దాసుపత్రికి పంపండి.

మంచులోంచి ఇద్దరు

మరుసటి చలికాలం ఒక సాయంత్రం అరుగు మీద కూర్చుని ఉన్నాను. వరిమళ్ళ మీద మంచు దిగుతోంది. అందులోంచి ముందు ఒక పసుపుతాడు మెరుపు, దాని వెనక ఇంకొకటి. పైడమ్మ ముందు నడుస్తోంది. వెనక మంగ, చెయ్యి పొట్ట మీద వేసుకుని, కళ్ళు నేల మీద పెట్టి. ఎవరో తిట్టబోతున్నట్టు బిక్కచచ్చి ఉంది.

 లేచి, "పైడమ్మా, ఈ పిల్ల..." అన్నాను.

"ఏటీ సెప్పకు" అంది పైడమ్మ. "నోటితో ఏటీ సెప్పకు. ఈసారి ముందు తట్టి సూడు."

మంగని తనే లోపలికి తీసుకెళ్ళి మంచం మీద పడుకోబెట్టింది. "బయపడకే గుంటా, నర్సమ్మ సెయ్యి మెత్తగుంటాది" అంది. అని తను వెళ్ళి బియ్యం బస్తా పక్కన గోడకి ఆనుకుని నిలబడింది. కళ్ళు మూసుకుంది.

నేను మంగ నోరు తెరిపించి చూశాను. శుభ్రంగా ఉంది. ఎడమచేతి మధ్యవేలు పొట్ట మీద పరిచాను. నేనూ కళ్ళు మూసుకున్నాను. బొడ్డు పైన తట్టాను, గాలి. కిందికి జరిపాను. తట్టాను. పక్కకి జరిపి తట్టాను. ఇంకోసారి తట్టాను.

కళ్ళు తెరిచి పైడమ్మ కేసి తిరిగాను. నేను నోరు విప్పేలోగా, గోడ దగ్గర కళ్ళు మూసుకునే ఉన్న ఆవిడే అంది.

"గాలి కాదు."